భయపడ్డ శ్రోత కావలెను

*ముందు గది, కిటికీ పక్క బల్ల*

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

తేదీ వేయలేదు. మరచిపోయి కాదు. నీ నాటకం అందిన రోజే దిద్ది తిరిగి పంపుతున్నానని తెలిస్తే ఈయనకు వేరే పని లేదనుకుంటావు. ఊరి పేరు కూడా వేయలేదు. నీకు తెలిసిన సంగతి నీకే తెలియజేయడం వృథా.

రేడియో వారు నీకు ఐదు వారాల పాటు వారానికి ఒక అరగంట ఇచ్చారని తెలిసి మీ అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాం. శీతల గిడ్డంగి ఆఫీసులో పెట్టెల మీద చీటీలు రాసే ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ నాటకాలు రాయమని నిన్ను ప్రోత్సహించింది నేనే. కనుక మంచిచెడ్డలు నా మీద కూడా ఉంటాయి. అందుకే మొదటి భాగాన్ని ఎర్ర సిరాతో క్షుణ్ణంగా దిద్దాను.

కథ బాగుంది. ఒక ఫోటో స్టూడియో, వారానికొక కొత్త మనిషి ఫోటో దిగడానికి రావడం, ఆ ఫోటోలో మరొకరు ఉండటం. ఆలోచన మెచ్చుకోదగినదే. కాని నీ పాత్రలకు మర్యాద తెలియదు. ఒకరడిగినదానికి మరొకరు జవాబు చెప్పరు. ఉదాహరణకు నీవు రాసినది చూడు.

గుమాస్తా: నా ఫోటోలు వచ్చాయా?
ఫోటోగ్రాఫర్: రేపు రండి.
గుమాస్తా: నిన్నా అదే అన్నారు.
ఫోటోగ్రాఫర్: నిన్న ఇంకోసారి కడిగాను.
గుమాస్తా: ఏమైంది, పాడయ్యాయా?
ఫోటోగ్రాఫర్: మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?

ఫోటోలు పాడయ్యాయా అని అడిగిన పెద్దమనిషిని పట్టుకుని ఇంట్లో ఎంతమంది అని అడుగుతాడా? జనాభా లెక్కలవాడా అతను? ముప్ఫయ్యారేళ్లు తరగతి గదిలో ఒకే ఒక్క నియమం పాటించాను. అడిగిన ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు. ఆ ప్రకారం ఇలా మార్చాను.

ఫోటోగ్రాఫర్: ఫోటోలు పాడు కాలేదు. అయితే వాటిలో మీ వెనుక, కొంచెం ఎడమ వైపుగా, ఒక స్త్రీ నిలబడి ఉన్నది. ఆమె ఇదివరకే మరణించినదని నా అభిప్రాయము.

తరువాత గుమాస్తా చేత "ఆఁ" అనిపించావు. అది మూలుగు, మాట కాదు. "మీరు చెప్పినది విని నాకు మిక్కిలి భయము కలుగుచున్నది" అని పెట్టాను. భయం ఎంతో స్పష్టంగా తెలుస్తున్నది కదా. మధ్య మధ్య నీవు పెట్టిన నలభై మూడు చుక్కలు కూడా తీసివేశాను. చుక్కలు ఆకాశంలో ఉంటేనే అందం.

ఇరవైకి పన్నెండు వేశాను. దగ్గరి చుట్టరికం వల్ల ఒక మార్కు తగ్గించవలసి వచ్చింది.

ఇట్లు,
మామయ్య

*రేడియో స్టేషన్, మెట్ల కింద గది*

మామయ్యకి నమస్కారాలు.

కొంప మునిగింది. నెమ్మదిగా చెప్తాను, మీరు నీళ్లు తాగి చదవండి.

మీరు దిద్దిన ప్రతిని పారేయడానికి మనసొప్పక ఆఫీసు ఫైల్లో భద్రంగా పెట్టాను. టైపిస్టు ఆ ఫైలు తీసి, ఎర్ర సిరా దస్తూరీ ముత్యాల్లా ఉందని, మీరు రాసిందే టైపు చేసేసింది. మా దగ్గర నాటకం రికార్డు చెయ్యరు, నేరుగా ప్రసారమే. చేతిలో కాగితం మీద ఏముంటే అది చదివేయాలి. ఫోటోగ్రాఫర్‌గా చేసే ఆయన మామూలుగా వాతావరణ సూచన చదువుతాడు. గంభీరమైన గొంతు. ఆ గొంతుతో "ఆమె ఇదివరకే మరణించినదని నా అభిప్రాయము" అన్నాడు. రేపు చిరుజల్లులు పడొచ్చన్నట్టు.

ముందు శబ్దాలు చేసే అతను నవ్వాడు. తర్వాత గుమాస్తా నవ్వాడు. "నాకు మిక్కిలి భయము కలుగుచున్నది" అని నవ్వుతూనే చదివాడు. ఇప్పుడు ఆఫీసులో ఎవరు ఎవరికి ఏం చెప్పినా చివర "అని నా అభిప్రాయము" అంటున్నారు. క్యాంటీన్‌లో చక్కెర అయిపోయిందని కూడా అలాగే చెప్పారు. ఇరవై ఆరు ఉత్తరాలొచ్చాయి. అన్నీ హాస్యనాటిక అద్భుతం అని.

డైరెక్టర్ గారు పిలిచారు. "అమ్మాయ్, నేను దయ్యం నాటకం అడిగాను. నువ్వు కోర్టు సమన్లు రాసిచ్చావు" అన్నారు. నిజం చెబుదామనుకున్నాను గానీ మీ పేరు బయటికి రావడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆయన షరతు ఇదీ. ఐదు భాగాల్లో ఏదో ఒకటి విని నిజంగా భయపడ్డానని ఒక్క శ్రోత ఉత్తరం రాయాలి. ఒక్కటి చాలు. అది వస్తే ఏడాది పాటు ఆ అరగంట నాది. రాకపోతే తోటపని కార్యక్రమానికి ఇచ్చేస్తారు, నేను గిడ్డంగిలో చీటీలకి తిరిగి వెళ్తాను. మామయ్యా, నాకు వెళ్లాలని లేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, అంటే కోపం తెచ్చుకోకండి. రేడియోలో నేను చీకటి చూపించలేను, మొహం చూపించలేను. మాటొక్కటే ఉంది. అడిగేవాడికి తెలీదు, చెప్పేవాడికి తెలుసు. ఆ రెంటికీ మధ్య ఎంతసేపు నడిపిస్తే అంతసేపు వినేవాళ్లు కుర్చీ వదలరు. మీరు మొదటి జవాబులోనే గమ్యం చేర్చేశారు. రెండో భాగం మీకు పంపకపోవడం అవిధేయత కాదు, ప్రాణభయం.

మీ కోడలు

*ముందు గది, కిటికీ పక్క బల్ల*

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరంలో పదిహేడు తప్పులున్నవి. జాబితా విడిగా జతపరిచాను. "మీ కోడలు" అని సంతకం చేయడం పద్దెనిమిదవది. మేనకోడలివి. మాకు కొడుకులు లేరు.

మొదటి భాగం మేము కూడా విన్నాం. మీ అత్తయ్య నవ్వి నవ్వి కుర్చీ చేతిని పట్టుకున్నది. ఆ నవ్వు భయం హద్దు దాటడం వల్ల పుట్టినదనుకున్నాను. నేను పొరపడ్డానని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. నీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాను. నా నియమానికి మాత్రం విచారించను.

షరతు సంగతి చెప్పగానే మీ అత్తయ్య కాగితం తీసుకున్నది. "నేను రాస్తానండీ, గుండె ఆగిపోయిందని. పిల్ల బతుకుతుంది" అన్నది. నేను ఒప్పుకోలేదు. ఈ ఇంటి నుండి అబద్ధపు సాక్ష్యం వెళ్లదు. "మీ నిజం పిల్లని గిడ్డంగిలో కూర్చోబెడుతుంది" అని లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుండి కాఫీ చల్లగా వస్తున్నది.

లోకంలో ఎవరూ సూటిగా జవాబు చెప్పరని నీ వాదన. నేను నమ్మను. నమ్మకాలతో వాదించడం నా పద్ధతి కాదు కనుక రేపు ఉదయం నుండి ఒక నోటు పుస్తకం పెడుతున్నాను. ఎడమ పక్క నేను అడిగిన ప్రశ్న, కుడి పక్క వచ్చిన జవాబు. ఫలితం నీకే పంపుతాను. ఎవరి వాదన నెగ్గుతుందో చూద్దాం.

మామయ్య

*మెట్ల కింద గది, ఫ్యాను లేని పూట*

మామయ్యకి,

జాబితా అందింది. పద్దెనిమిదోది కూడా చేర్చి గోడకి అంటించాను. శబ్దాలతను పద్దెనిమిదో తప్పు చూసి తన సంతకం ఒకసారి సరిచూసుకున్నాడు.

రెండో భాగానికి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. స్టూడియో చిరునామా పంపమని, తనకి అర్జెంటుగా నాలుగు ఫోటోలు కావాలని. మూడో భాగంలో మీ మీద కసితో, నిజం చెప్తున్నాను మామయ్యా, కసితోనే, ఎవరిచేతా దేనికీ జవాబు చెప్పించలేదు. అడిగిన ప్రతిదానికీ ఫోటోగ్రాఫర్ నిట్టూర్చాడు, నీళ్లు నమిలాడు, "ఆ సంగతి అడక్కండి" అన్నాడు. పదకొండు సార్లు. ఒక పెద్దావిడ రాసింది, "ఆ ఫోటోగ్రాఫర్‌కి చెవుడా, లేక పొగరా? మా అల్లుడు కూడా ఇంతే" అని. ఆవిడకి కోపం వచ్చింది గానీ భయం రాలేదు.

అంటే మీదీ తప్పే, నాదీ తప్పే. చెప్పేస్తే నవ్వుతున్నారు, దాస్తే తిడుతున్నారు. నాలుగో భాగం ఈ వారమే, అది కూడా ఇలాగే రాసేశాను, మార్చడానికి వేళ లేదు. మిగిలింది ఐదోదే. ఎదురుగా తెల్లకాగితం. మీ నోటు పుస్తకం ఏమైంది? మీరే నెగ్గినా సరే పంపండి.

మేనకోడలు
(దిద్దుకున్నాను)

*వెనక గది, తలుపు దగ్గరగా వేసి*

చిరంజీవి మేనకోడలికి,

ఫలితం పంపుతానని మాట ఇచ్చాను. కనుక పంపుతున్నాను.

నాలుగు రోజుల్లో అరవై ఒక్క ప్రశ్నలు అడిగాను. పూర్తి వాక్యంలో వచ్చిన జవాబులు నాలుగు. అందులో మూడు నా శిష్యుడొకడు వీధిలో దొరికిపోయి చెప్పినవి. నాలుగవది నన్ను నేనే అడిగి చెప్పుకున్నది. మిగిలిన యాభై ఏడింటి తీరు ఇది. నా కళ్లజోడు ఎక్కడ అని మీ అత్తయ్యను అడిగితే, "పొద్దున్నే మొదలుపెట్టారూ" అన్నది. ఎంతసేపు పడుతుందని మంగలిని అడిగితే, "మీకున్న జుట్టుకా మాస్టారూ" అన్నాడు. కూరగాయలు తాజావేనా అంటే అమ్మే ఆమె "నేనేమన్నా పరాయిదాన్నా" అన్నది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నారు పెద్దలు. చెప్పేవాడంటూ ఒకడుండాలి కదా.

ఇంతవరకైతే లోకం చెడిపోయిందని సరిపెట్టుకునేవాణ్ణి. ఐదవ రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాను. జవాబు ముందే చెప్పి ఆ తరువాత వివరించడం నా పద్ధతి. ఈసారి అలా చెప్పను. ఎందుకంటే నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చాలా మర్యాదస్తురాలు. కళ్లలో చుక్కల మందు వేసి, కాసేపాగి, ఒక యంత్రం లోంచి నా కళ్లలోకి చూసింది. కుడి కన్ను. ఎడమ కన్ను. మళ్లీ కుడి కన్ను. ఎలా ఉన్నవమ్మా అని అడిగాను. ఆ తరువాత జరిగిన సంభాషణ మాట పొల్లు పోకుండా నోటు పుస్తకంలో ఉన్నది.

"మీతో ఎవరైనా వచ్చారా మాస్టారూ?"
"ఎందుకు అడుగుతున్నారమ్మా?"
"ఊరికే అడిగాను. ఇల్లు దూరమా?"
"దూరం కాదమ్మా, పది నిమిషాల నడక ఉంటుంది."
"నడిచే వచ్చారూ," అని ఆమె నర్సు వైపు చూసింది. నర్సు నా వైపు చూసింది.
"ఇంట్లో ఎవరుంటారు మీకు?"
"మా ఆవిడ ఉంటుంది."
"మంచిది. కాసేపు బయట బల్ల మీద కూర్చోండి. ఒక్కరే మాత్రం వెళ్లకండి."

ఆ బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాల్లో గుడ్డివాణ్ణయ్యాను. తరువాతి ఐదు నిమిషాల్లో జబ్బు కళ్లలో నుండి మెదడులోకి పాకింది. ఆపైన నా నిఘంటువులు ఎవరికి ఇవ్వాలో ఆలోచించాను. నీకు ఇద్దామనుకున్నాను, నీ దస్తూరీ గుర్తుకు వచ్చి వెనక్కి తీసుకున్నాను. నాకు ఎదురుగా గోడ మీద గడియారం ఉన్నది. అందులో ముళ్లు కనబడటం లేదు.

చివరకు నర్సును అడిగాను. డాక్టరమ్మ ఒక్కరే వెళ్లవద్దని ఎందుకన్నారమ్మా అని. ఆమె విసుక్కుని, "చుక్కల మందు వేశాక మూడు గంటలు చూపు మసగ్గా ఉంటుంది కదా తాతగారూ, రోడ్డెలా దాటతారు? కళ్లు బాగానే ఉన్నాయి మీకు" అన్నది.

ఇంటికి వచ్చి ఆ పేజీ పది సార్లు చదివాను. చూపు మసకగా ఉన్నా చదివాను. ఆ డాక్టరమ్మ అన్న మాటల్లో దోషం లేదు. అన్నీ నిత్యం అందరూ అనే మాటలే. ఆమె ఏమీ దాచలేదు. మందు సంగతి నాకు తెలుసుననుకున్నది, అంతే. నీ ఫోటోగ్రాఫర్ దాస్తున్నాడు, అందుకే వాడి మీద కోపం వస్తున్నది. ఆమె భయపెట్టాలనుకోలేదు, దయగా మాట్లాడింది. అందుకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరైనా నీతో అంత దయగా ఎందుకు మాట్లాడుతున్నారో తెలియకపోవడం కంటే ఘోరం ఇంకొకటి లేదు.

నోటు పుస్తకం దీనితో పంపుతున్నాను. నీవు నెగ్గావని నేను ఎక్కడా రాయలేదు, గమనించగలవు. బల్ల మీద కూర్చున్న ఇరవై నిమిషాల సంగతి మీ అత్తయ్యకు తెలియదు. తెలియనవసరం లేదు.

మామయ్య

*మెట్ల కింద గది*

మామయ్యా,

నోటు పుస్తకం రాత బల్ల మీద పెట్టుకుని ఐదో భాగం రాశాను. మీ డాక్టరమ్మని దొంగిలించాను. మాటలు కాదు, ఆవిడ దయని. ఫోటోగ్రాఫర్ ఇప్పుడు ఏమీ దాచడు. అన్నీ తెలుసనుకుని ఎంతో ఆప్యాయంగా మాట్లాడతాడు. నిట్టూర్పులన్నీ తీసేశాను. ఈసారి పట్టుబట్టి రిహార్సల్ చేయించాను, అందులో శబ్దాలతను నవ్వలేదు. కానీ అతను ఉత్తరం రాస్తే చెల్లదట, జీతం తీసుకునేవాళ్లు శ్రోతలు కారట.

నాలుగో భాగానికి ఒక్క ఉత్తరమూ రాలేదు, తిట్టు కూడా. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి ఐదోది. పైవారం డైరెక్టర్ గారు నిర్ణయం చెప్తారు. తోటపని ఆయన అప్పుడే వచ్చి నా కుర్చీ ఎత్తు చూసుకుని వెళ్లాడు.

ఒక్క మాట. అత్తయ్యని రాయనివ్వలేదని తెలిసి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఆలోచిస్తే మీరే కరెక్టనిపించింది. జాలితో వచ్చిన ఉత్తరం పట్టుకుని ఏడాదంతా రాయలేను. మీరు కూడా వినండి. భయం వేయకపోతే ఏమీ రాయొద్దు. మార్కులు కూడా వద్దు.

మేనకోడలు

*ముందు గది. కిటికీ వేసి ఉన్నది.*

గౌరవనీయులైన రేడియో స్టేషన్ డైరెక్టరు గారి సముఖమునకు, ఒక శ్రోత నమస్కరించి చేయు విన్నపము.

ముందుగా మూడు నిజాలు చెప్పాలి. ఈ నాటకం రాసిన అమ్మాయి నాకు స్వయానా మేనకోడలు. మొదటి భాగం విని మీరందరూ నవ్విన మాటలు ఆమెవి కావు, నావి. "అని నా అభిప్రాయము" అనే ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో రాసినది నేనే. ఆమె ఆ నింద మోసింది గాని మీకు నా పేరు చెప్పలేదు. ఇవి దాచి రాస్తే ఈ ఉత్తరం సాక్ష్యంగా పనికిరాదు. చెప్పినందువల్ల పనికిరాదని మీరు భావిస్తే, పూర్తిగా చదివిన తరువాత భావించండి.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు ఐదవ భాగం విన్నాను. బయట ఎండ ఉన్నది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. నా భార్య పక్కన కూర్చుని, తన అలవాటు ప్రకారం, రేడియోలో ఎవరు ఏమన్నా ఊ కొడుతున్నది. ఒక బస్సు కండక్టరు గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికి వచ్చాడు. ఫోటోగ్రాఫర్ అతనికి మంచినీళ్లిచ్చాడు, కాలరు సరిచేశాడు, ఫోటో తీశాడు. ఆ తరువాత వారు ఇలా మాట్లాడుకున్నారు.

"అయిపోయిందా?"
"అయిపోయింది. ఇంకొకటి తీద్దాం."
"కళ్లు మూశానా?"
"అబ్బే, మీరు చాలా బాగా వచ్చారు."
"మరి?"
"దానికేముంది లెండి, అలా దిగాలని అందరూ ముచ్చటపడతారు. కార్డుకి పనికిరాదు గానీ. ఈసారి మీరు ఒక్కరే కూర్చోండి."

నా భార్య ఊ కొట్టలేదు.

కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. అది మీ కుర్చీయో మా ఇంట్లో కుర్చీయో చెప్పలేను. మా మధ్య ఒక ఖాళీ కుర్చీ ఉన్నది. దానిని నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి కొంత శ్రమ పడ్డాను. నాటకం ముగిశాక నా భార్య లేచింది. "ఎక్కడికి?" అన్నాను. ముప్ఫయ్యారేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఒక్కనాడూ అరకొర మాట పలకనివాణ్ణి. ఆమె నా ముఖం వైపు చూసి, "వంటింట్లోకి. మీరూ రండి" అన్నది. వెళ్లాను.

ఇది ఆ ఒక్క పూటతో పోతే మీకు రాసేవాణ్ణి కాను. భయం మరునాటికి నిలిస్తేనే భయమని నా లెక్క. మరునాడు ఉదయం పింఛను కాగితాలకు ఫోటో కావలసి వచ్చి స్టూడియోకు వెళ్లాను. నేను బ్రతికే ఉన్నానని ఏటా ప్రభుత్వానికి రుజువు చూపాలి. నా భార్యను వెంట తీసుకుని వెళ్లాను. కారణం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కుర్చీ వెనక నిలబడమన్నాను. ఆ ఫోటోగ్రాఫర్ పాపం నిజమైన మనిషి, మీ నాటకం విన్నవాడు కాడు. కెమెరాలోంచి చూసి, ఎంతో మర్యాదగా, "మాస్టారూ, ఈ ఫోటోకి మీరు ఒక్కరే కూర్చోవాలండీ" అన్నాడు.

నేను వెనుదిరిగి చూడలేదు. వెనక ఉన్నది నా భార్యే అని తెలుసు. తెలిసినా, "నువ్వేనా?" అని అడిగాను. ఆమె సూటిగా అవునంటే సరిపోయేది. "ఇంకెవరుంటారండీ?" అన్నది.

ఫోటో దిగకుండానే ఇంటికి వచ్చాను. ప్రస్తుతం ప్రభుత్వం దృష్టిలో నేను బ్రతికి ఉన్నదీ లేనిదీ రుజువు కాలేదు.

అయ్యా, నేను వ్యాకరణం బోధించినవాణ్ణి. మాటంటే సంగతిని చేరవేసే సాధనమని వేలమంది పిల్లలకు చెప్పాను. సంగతిని గుమ్మం దగ్గర నిలబెట్టి ఉంచే శక్తి కూడా మాటకు ఉన్నదని ఈ వయసులో ఈ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఆమెను పెట్టెల మీద చీటీలు రాయడానికి పంపకండి. నేను భయపడ్డాను. మీరు అడిగినది ఈ వాక్యమే కదా. ఇది పూర్తి వాక్యం. జాలితో రాసినది కాదు. ఎవరిమీదనైనా జాలిపడవలసి వస్తే అది నా మీద.

నా శిష్యులు చాలామంది ఆ వేళకు రేడియో వింటారు. నవ్వుతారు. నవ్వనివ్వండి. కనుక వచ్చే శుక్రవారం ఐదున్నరకు, ఆ అమ్మాయి తరువాతి నాటకానికి ముందు, ఈ ఉత్తరాన్ని అక్షరం మార్చకుండా పైకి చదివి వినిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మేమిద్దరం వింటూ ఉంటాం. అందుచేత, ఆ ఫోటోగ్రాఫర్ వేషం వేసిన ఆయన చేత తప్ప, మరెవరి చేతనైనా చదివించండి.